జగదాంబగారి వంకర మిల్లు

పొద్దున్న ఆరయ్యేసరికి జగదాంబ మిల్లుకి వచ్చేస్తుంది. మిల్లు ఆగి మూడేళ్ళయింది గానీ ఈ అలవాటు మాత్రం ఆగలేదు. వాచ్‌మన్ బుజ్జిబాబు గేటు తీసి, కుర్చీ తుడిచి వేసి, "కూర్చోండమ్మగారండీ" అంటాడు. ఆవిడ కూర్చోదు. కాలవ వైపు తలుపు నుంచి రోడ్డు వైపు తలుపు దాకా ఒకసారి నడుస్తుంది. ఎక్కడ సున్నం పెచ్చులూడిందో, ఎక్కడ పావురాలు గూడు పెట్టాయో, ఏ పెంకు జారిందో చూసి బుజ్జిబాబుకి అప్పజెప్తుంది. అమ్మేసే మిల్లుకి ఈ సేవలేంటని తాళ్ళరేవులో అందరూ అనుకున్నారు. ఆవిడ మొహం మీద అన్నవాళ్ళు మాత్రం లేరు. పెళ్ళికూతుర్ని చింపిరి జుట్టుతో చూపిస్తామా అని ఆవిడ తిరిగి అడుగుతుందని అందరికీ తెలుసు.

ఆ పెళ్ళికూతుర్ని ఇప్పటికి పదకొండు మంది చూసి వెళ్ళారు. స్థలం బాగుందన్నారు, ఒక పక్క కాలవ, ఒక పక్క రోడ్డు, ఇంతకన్నా ఏం కావాలన్నారు. తర్వాత తలెత్తి గోడలకేసి చూసి, "గోడలే..." అని ఆగిపోయారు. మిగతా మాట ఆవిడ ఎదురుగా పూర్తిచేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ గోడల సంగతి చెప్పాలి. ఆ మిల్లులో తిన్నగా ఉన్న గోడ ఒక్కటి లేదు. కాలవ గట్టు మీద తలుపు దాటగానే గోడ ఎడమకి తిరుగుతుంది, ధాన్యం నానబెట్టే తొట్ల చుట్టూ ఒక చుట్టు వేస్తుంది, కళ్ళం అంచున సాగి వెనక్కి వస్తుంది, వడ్లు దంచే హల్లర్ల గది దగ్గర మళ్ళీ మనసు మార్చుకుంటుంది. అలా పద్నాలుగు మలుపులు తిరిగితే గానీ రోడ్డు కనిపించదు. ఊళ్ళో దాన్ని వంకర మిల్లు అనేవారు. జగదాంబ కూడా ఆ పేరే చెప్పేది, గొప్పగా చెప్పేది.

యాభై ఒకటిలో ఆవిడ భర్త కుక్కుటేశ్వరరావు ఉప్పుడు బియ్యం మిల్లు కట్టాలని కాకినాడ ఇంజనీరు చేత నీలం కాగితం మీద ప్లాను గీయించాడు. అదంతా రూళ్ళకర్ర పెట్టి గీసిన ప్లాను. రేపు పునాదులనగా, పనివాళ్ళకి మజ్జిగ తీసుకొచ్చిన జగదాంబ పడవల్లోంచి ధాన్యం మోస్తున్న ఆడవాళ్ళని చూస్తూ నిలబడింది. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఏళ్ళు. మిగతావాళ్ళంతా రేవు నుంచి కళ్ళానికి అడ్డంగా పడి నడుస్తున్నారు, దారిలో రెండుసార్లు గంప దించుకుంటున్నారు. పాపాయి అనే ఒక్క మనిషి మాత్రం ఎటో తిరిగి, ఎటో మళ్ళి, ఎక్కడా ఆగకుండా అందరికంటే ముందు చేరుకుంటోంది.

"అదేంటే పాపాయీ, తిన్నగా పోతే దగ్గర కదా?" అని అడిగింది జగదాంబ.

"దగ్గరేనండి అమ్మగారూ, గంప ఒప్పుకోవద్దండీ మరి? నెత్తి మీదున్నదాని మాట ఇనాలి కదండి, ఆయ్" అంది పాపాయి, ఆగకుండానే.

జగదాంబ ఇంటికెళ్ళి ముగ్గు బుట్ట తెచ్చింది. పాపాయి వెనకాలే నడుస్తూ రేవు నుంచి రోడ్డు దాకా ముగ్గు పోసుకుంటూ వెళ్ళింది. సాయంత్రం భర్త వచ్చి, "ఇదేంటి, ఏ పండగని?" అన్నాడు. "ఇదే మన మిల్లు" అంది ఆవిడ. కుక్కుటేశ్వరరావు నీలం కాగితం వైపు ఒకసారి చూశాడు, భార్య మొహం వైపు ఒకసారి చూశాడు, తాపీమేస్త్రీని పిలిచి ముగ్గు మీద పునాది తియ్యమన్నాడు. ఆ ఇంట్లో ఏ వాదన అయినా అంతకంటే ఎక్కువసేపు జరిగేది కాదు.

మిల్లు తెరిచిన మొదటిరోజే, బస్తా వీపున వేసుకుని కాలవ గడప దాటిన మనిషికి బరువు పోయింది. బస్తా వీపు మీదే ఉంది, బరువు మాత్రం లేదు. పద్నాలుగు మలుపులూ తిరిగి రోడ్డు గడప దాటాక బరువు మళ్ళీ వచ్చి వీపున కూర్చుంది. ఒకరిద్దరు ఆ ఊపుకి తూలి పడబోయారు. దాంతో కుక్కుటేశ్వరరావు ఆ గడప మీద నీలం రంగుతో 'ఇక్కడ బరువు తిరిగి వచ్చును, జాగ్రత్త' అని బోర్డు రాయించాడు. అంతే, ఇక దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మిల్లు నడిచినన్నాళ్ళూ అందులో పనిచేసినవాళ్ళకి నడుం నొప్పి లేదు, మెడ నొప్పి లేదు. తొమ్మిదో నెల వచ్చిన ఊరి ఆడవాళ్ళు మధ్యాహ్నంపూట వచ్చి అటూ ఇటూ నాలుగుసార్లు నడిచి, హాయిగా ఊపిరి పీల్చుకుని వెళ్ళేవారు. వాళ్ళ కోసం జగదాంబ ఏడో మలుపు దగ్గర ఒక బల్ల వేయించింది.

పాపాయి పోయింది, తర్వాత కుక్కుటేశ్వరరావు పోయాడు. మిల్లుని జగదాంబ ఒక్కతే పదేళ్ళు నడిపింది. ఈలోగా మండపేటలో మోడరన్ మిల్లులు లేచాయి. ధాన్యం లారీలెక్కి అటు పోవడం మొదలుపెట్టింది. చివరి హల్లరు కూడా అమ్మేశాక మిగిలినవి ఆ గోడలూ, ఆవిడా. పిల్లలు లేరు. రాజమండ్రిలో తమ్ముడు కాశీవిశ్వనాథం, బట్టల కొట్టు మేడ మీద అక్క కోసం ఒక గది సున్నం వేయించి ఉంచాడు. మిల్లు అమ్ముడుపోతే వచ్చి ఉంటానని ఆవిడ మాటిచ్చింది. కానీ ఒక్క షరతు పెట్టుకుంది, పైకి చెప్పకపోయినా. కొన్నవాడు ఆ గోడలు పడగొట్టకూడదు.

చూడ్డానికి వచ్చినవాళ్ళకి బరువు సంగతి దాచిందేం లేదు. "మా మిల్లులో మోత బరువుండదండీ" అని మొదటే చెప్పేది. వాళ్ళూ నమ్మేవారు. ఊరంతా చెప్పేదాన్ని నమ్మకేం? "చాలా సంతోషమండీ" అని, స్థలం ఎన్ని గజాలని అడిగేవారు. పిఠాపురం నుంచి వచ్చిన ఒకాయన మాత్రం కాసేపు ఆలోచించి, "అయితే కూలి కూడా తగ్గించి ఇవ్వచ్చన్నమాట" అన్నాడు. జగదాంబ లేచి నిలబడింది. ఆ పెద్దమనిషి కాఫీ తాగకుండా వెళ్ళాడు. ఆ జిల్లాలో ఒక మనిషిని కాఫీ ఇవ్వకుండా పంపడమంటే మాటలు కాదు, నెల రోజులు చెప్పుకున్నారు.

పన్నెండోవాడు నాగేశ్వరప్రసాద్. కాకినాడలో ఎరువుల వ్యాపారం, లారీలు ఆగేందుకు గోడౌన్ కావాలి. కాశీవిశ్వనాథమే వెతికి పట్టుకున్నాడు. "అక్కా, ఇతను కూడా పోతే ఇక కొనేవాడు రాడు. గోడల మీద మమకారం వదిలెయ్యి. అవి ఇటుకలే కదా" అన్నాడు. తమ్ముడు కష్టపడి తిరుగుతున్నాడని ఆవిడకి తెలుసు. సరేనంది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

కార్తీకంలో ఒక గురువారం నాగేశ్వరప్రసాద్ కారులో దిగాడు. అంతకు ముందు వారమంతా వానలు, కాలవ గట్టు కోసుకుపోయింది. అతని వెంట టేపు పట్టుకున్న మనుషులిద్దరు, చేతిలో అగ్రిమెంటు కాగితాలున్న బ్రీఫ్‌కేసు. కారు తలుపు తీసీ తియ్యగానే బుజ్జిబాబు పరుగున వెళ్ళి, "ఇలాగివ్వండి బాబూ, మీరు మోయడమేంటండీ!" అని ఆ బ్రీఫ్‌కేసు లాక్కున్నాడు. వెనకే దిగిన కాశీవిశ్వనాథం చేతిలోని సంచీని ఇంకో చేత్తో లాక్కున్నాడు. కాలవ గడప నుంచి మొదలుపెట్టి అందరూ మిల్లు చూస్తూ నడిచారు.

"జగదాంబగారూ, మీరేమీ అనుకోకండి. ఇది మొత్తం తీసేస్తేనే గాని లారీ తిరగదండి" అన్నాడు నాగేశ్వరప్రసాద్ నాలుగో మలుపు దగ్గర.

"మోతకి బరువుండదండీ ఇక్కడ" అంది జగదాంబ.

"విన్నానండి, చాలా బాగుంది. కానీ ఇప్పుడు మనుషులెక్కడ మోస్తున్నారండి? బెల్టులొచ్చేశాయి." అతను మర్యాదగానే అన్నాడు. టేపు మనుషులు గోడకి సుద్దతో గుర్తులు పెడుతున్నారు. ఆ సుద్ద గీతలు చూడలేక ఆవిడ కాలవ తలుపు దగ్గరికి తిరిగి వచ్చేసింది.

అక్కడ గడప అవతల ఒక మనిషి నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా బురద, నెత్తి మీద చేపల గంప, బరువుకి మెడ కుడివైపు ఒరిగిపోయి ఉంది. కోరంగి వైపు పల్లె నుంచి రోజూ గట్టు మీదుగా చేపలు మోసుకొచ్చే మరిడమ్మ. వాళ్ళ పల్లె ఆడవాళ్ళ సంఘానికి పెద్ద.

"గట్టు తెగిపోయిందండి అమ్మగారూ. ఇటునుంచి రోడ్డుకి పోనిత్తారా? చుట్టూ తిరిగితే చేప పాడైపోద్దండి" అంది మరిడమ్మ.

ఆ మిల్లులోకి చేప ఎప్పుడూ రాలేదు. జగదాంబ ఇంట్లో ఉల్లిపాయ కూడా వారం చూసుకుని కోస్తారు. మామూలు రోజయితే బుజ్జిబాబే అదిలించి పంపేవాడు. కానీ ఆరోజు ఆవిడకి ఇంకెవరి మిల్లునో చూస్తున్నట్టుంది. "వెళ్ళు" అంది, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

మరిడమ్మ గడప దాటింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా నడుచుకుంటూ మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. జగదాంబ అక్కడే గుమ్మం పక్క అరుగు మీద కూర్చుంది. కాసేపటికి మరిడమ్మ మళ్ళీ ఎదురొచ్చింది. గంప నెత్తి మీదే ఉంది. గడప దాకా వచ్చి వెనక్కి తిరిగి మళ్ళీ లోపలికి నడిచింది. రెండోసారీ అలాగే వచ్చింది. మూడోసారికి జగదాంబకి కోపమొచ్చింది.

"ఏంటే ఇది? రోడ్డుకని చెప్పి నా మిల్లంతా చేపలు ఊరేగిస్తున్నావా?"

మరిడమ్మ నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు. ఒరిగిపోయిన మెడ నిటారుగా ఉంది. "నా మెడ సూడండి అమ్మగారూ" అంది. "ఇరవయ్యేళ్ళయిందండి, ఇది ఇలాగ నిలబడి."

"మా మిల్లు సంగతి నువ్వెప్పుడూ వినలేదా?"

"ఇన్నానండి. ఇనడం ఏరండి. నెత్తి మీద గంపతో ఇందులో కాలెట్టనిచ్చిందెవరండి మమ్మల్ని?"

ఆ మాట అనడంలో నిష్ఠూరం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. జగదాంబకి మాత్రం ఎక్కడో గట్టిగా తగిలింది. కారు దిగినవాళ్ళ చేతుల్లోంచి సంచులు లాక్కుని లోపలికి తీసుకొచ్చారు తాము. పదకొండు మందినీ అలాగే తెచ్చారు. మూడేళ్ళుగా మిల్లు అమ్ముతూ, దాని గొప్పేంటో తెలిసే వీలు లేకుండా గేటు దగ్గరే మర్యాద చేసేశారు. చేపల గంప మొయ్యడానికి మాత్రం ఎవరూ చెయ్యి చాపలేదు, అందుకే ఈ మనిషికి తెలిసింది. ఆవిడకి ముందు సిగ్గేసింది. ఆ వెనకే నవ్వొచ్చింది.

"బుజ్జీ! ఆ బ్రీఫ్‌కేసు ఆయన చేతికిచ్చెయ్" అని, మలుపు తిరిగి అటే వస్తున్నవాళ్ళని చూసి కేకేసింది.

"అమ్మగారండీ?" అన్నాడు బుజ్జిబాబు, చెవులు సరిగ్గా పనిచెయ్యడం లేదేమోనని.

"ఇచ్చెయ్యమంటున్నానా! ఆయన్నే మోసుకోనీ."

నాగేశ్వరప్రసాద్ మొహం చిన్నబోయింది. కాశీవిశ్వనాథం తల పట్టుకున్నాడు. అయినా పెద్దావిడ మాట కాదనలేక నాగేశ్వరప్రసాద్ బ్రీఫ్‌కేసు అందుకుని రెండడుగులు వేశాడు. చేతికేసి చూసుకున్నాడు. ఒకసారి పైకెత్తి దించాడు. గబగబా నేల మీద పెట్టి మూత తెరిచి, లోపలి కాగితాలు, చెక్కుబుక్కు, కళ్ళజోడు ఒక్కొక్కటే తీసి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయని తేలాక కూడా బుజ్జిబాబు వైపు అనుమానంగానే చూశాడు.

ముప్ఫై ఏళ్ళు తన గేటు కాసిన మనిషి వైపు ఆ చూపు చూడ్డం జగదాంబకి చాలు. "ప్రసాద్‌గారూ, కాఫీ తాగి వెళ్ళండి. మిల్లు మీకు అమ్మడం లేదు" అంది.

కారు వెళ్ళిపోయాక మరిడమ్మని కూర్చోమంది. కూర్చోలేదు గానీ, నిలబడే అంతా చెప్పింది. చేపలు ఉప్పులో వేసి ఎండబెట్టి అమ్ముకునేందుకు వాళ్ళ సంఘానికి గవర్నమెంటు లోను మంజూరై ఏడాది దాటింది. చోటు దొరకడం లేదు. చేపలనగానే ఎవరూ ఇవ్వరు. ఇక్కడ చూస్తే ఉప్పుకి తొట్లున్నాయి, ఎండబెట్టడానికి గచ్చు కళ్ళం ఉంది, పడవ వచ్చి తలుపు దగ్గరే ఆగుతుంది. "ఆయన నేలకెంతిత్తానన్నారో మేమూ అంతే ఇత్తామండి. గోడలు మటుకు ముట్టుకోమండి" అంది మరిడమ్మ. "ముట్టుకుంటే మాకేం మిగుల్తాదండి?"

కాశీవిశ్వనాథం అక్కని పక్కకి పిలిచాడు. "అక్కా, నీకు మతిపోయిందా? చేపలవాళ్ళకా? బంధువుల్లో తలెత్తుకోగలమా? లక్ష్మీదేవిలాంటి ధాన్యం పోసిన చోటు!"

"ఒరేయ్ కాశీ, ఈ మిల్లు ఎవరి నడకరా?"

"పాపాయిది."

"పాపాయి ఏం తినేదో ఎప్పుడైనా అడిగావా?"

కాశీవిశ్వనాథం మరిడమ్మ గంపకేసి చూసి తల తిప్పుకున్నాడు. "మీ బావగారు పోయినరోజున కూడా నేను తలెత్తుకునే ఉన్నాను. చేపల వల్ల దిగుతుందేంటి?" అంది జగదాంబ.

మాఘమాసంలో రిజిస్ట్రేషన్ అయింది. బంధువుల్లో ఇద్దరు ముగ్గురు రాకపోకలు మానేశారు, ఆవిడ పట్టించుకోలేదు. కాగితాల మీద నలభై మంది ఆడవాళ్ళు వేలిముద్రలు వేస్తుంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో కుర్చీ వేసుకుని చివరి వేలు దాకా కూర్చుంది. బయటికొచ్చాక మరిడమ్మ, "అమ్మగారండీ, మీరు మాతో ఉంటే బాగుంటాదండి. కాకినాడ ఆఫీసుల్లో మాటాడ్డానికి మాకు నోరు తిరగదండి. మిమ్మల్ని సూత్తే ఆళ్ళు లేచి నిలబడతారు" అంది.

"చేపల మధ్య నేనా? నావల్ల కాదే మరిడమ్మా" అంది జగదాంబ. నిజంగానే అంది.

ప్రయాణం రోజున ట్రంకు పెట్టె కాలవ గడపకి బయటున్న ఆఫీసు గదిలో ఉంది. అందులో ఆవిడ చీరలు, భర్త ఫొటో, మిల్లు తొలి లైసెన్సు. బస్సు ఆపడానికి బుజ్జిబాబు రోడ్డు మీదికి వెళ్ళాడు. కాశీవిశ్వనాథం కూడా అక్కడే ఉన్నాడు. పడవలు అప్పుడే వచ్చాయి, ఆడవాళ్ళందరి నెత్తి మీదా గంపలున్నాయి. పెట్టె తెచ్చేవాళ్ళు లేరు. ఆవిడ కాసేపు చూసింది, తర్వాత చీర కొంగు చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుంది.

"మరిడమ్మా, ఇలా వచ్చి ఓ చెయ్యెయ్యి" అంది.

మరిడమ్మ గంప దించి వచ్చి పెట్టె ఎత్తి నెత్తిన పెట్టింది. అరవై రెండేళ్ళలో ఆవిడ నెత్తిన బరువు పెట్టడం అదే మొదలు. మెడ నరాలు జివ్వుమన్నాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. మనుషులు రోజూ మోసేది ఇదా అనుకుంది. పట్టుదలగా గడప దాటింది.

బరువు పోయింది.

ముందు గంపల వరస, వెనక గంపల వరస, మధ్యలో తను. ఆ మిల్లులో ఏ గోడకి ఎప్పుడు సున్నం వేశారో చెప్పగలదు గానీ, తొట్ల దగ్గర ఆ చుట్టు ఎందుకుందో ఇన్నేళ్ళూ తెలియదు. ఇప్పుడు తెలిసింది. సరిగ్గా తల తిరగాలనుకున్న చోట గోడ తిరుగుతోంది, కాలు తేలిక కోరుకున్న చోట నేల దిగుతోంది. పాపాయి ఒక్క అడుగు కూడా తప్పు వెయ్యలేదు. దాని వెనక తను పోసిన ముగ్గు ఎక్కడా చెదరలేదు. ముప్ఫై రెండేళ్ళు గొప్ప గొప్ప అని చెప్పుకున్నది ఇంత గొప్పదని ఆవిడకే తెలియదు. ఛాతీ నిండిపోయింది. రెండు చేతులూ పెట్టె మీద ఉన్నాయి కాబట్టి ముక్కుకి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. చేపల వాసన వస్తూనే ఉంది. రానీ అనుకుంది.

రోడ్డు గడప దగ్గరికి వచ్చి ఆగింది. ఎదురుగా బస్సు హారన్ కొడుతోంది. కాశీవిశ్వనాథం నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అక్కా! నువ్వు మోస్తున్నావేంటి? ఇలా దిగు, బస్సు వెళ్ళిపోతుంది!"

జగదాంబ గడప దాటలేదు. "వెళ్ళనియ్యరా" అంది. "మేడ మీద గది బాగా గాలొస్తుందన్నావుగా, ఎవరికైనా అద్దెకిచ్చుకో."

అని పెట్టెతో సహా వెనక్కి తిరిగింది. వస్తున్న ఆడవాళ్ళు గోడకి ఒదిగి దారిచ్చారు. ఏడో మలుపు దగ్గర మరిడమ్మ ఎదురుపడి, గంప కిందినుంచే కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

"కాకినాడ ఆఫీసుకి వెళ్ళాలన్నావుగా" అంది జగదాంబ, ఆగకుండానే. "రేపు ఎన్నింటికి బయల్దేరదాం?"